సెకండ్ హ్యాండ్ టర్బో పెట్రోల్ కారు కొనొచ్చా? జవాబు 1962 నుంచి మొదలవుతుంది

మోత్కూర్ నుంచి మాట్లాడుతున్నా.

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీద. కామెంట్లలో, వాట్సాప్‌లో, చివరికి మన బస్టాండ్ దగ్గర చాయ్ తాగేటప్పుడు కూడా నన్ను అడుగుతున్న ప్రశ్న అదే. "అన్నా, నాలుగేళ్ల పాత టర్బో పెట్రోల్ కారు మంచి రేటుకు దొరుకుతోంది. పికప్ మస్తుంది. కానీ టర్బో ఇంజిన్ తొందరగా పోతదంటున్నరు. తీసుకోవాల్నా వద్దా?"

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామందికి అదే మొదటి కారు. పత్తి అమ్మిన పైసలు కొన్ని, ఫైనాన్స్ కొంత, ఇంట్లో బంగారం మీద లోన్ కొంత. ఐదారు లక్షలు పెట్టి తెచ్చుకున్న కారుకు ఆరు నెలల్లో ఇంజిన్ విప్పాల్సి వస్తే ఆ బిల్లు మామూలుగా ఉండదు. ఒక్కోసారి కారు ధరలో పావు వంతో, ఇంకా ఎక్కువో పోతుంది. ఈఎంఐ మాత్రం ఆగదు. అందుకే నవ్వి ఊరుకునే ప్రశ్న కాదిది.

దీనికి "కొను", "కొనకు" అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్లు యూట్యూబ్‌లో చాలామంది ఉన్నారు. నేను చరిత్ర చెప్తా. ఎందుకంటే ఈ చిన్న ఇంజిన్‌లో వచ్చే ప్రతి రోగానికీ ఒక పుట్టిన సంవత్సరం ఉంది. అది తెలిస్తే ఏ కారు ముందు నిలబడ్డా ఏం అడగాలో మీకే తెలుస్తుంది. నా మాట ముందే చెప్పేస్తున్నా, చివరి దాకా విని మీరే తూచండి: టర్బో ఇంజిన్ చెడ్డది కాదు. దాన్ని మామూలు ఇంజిన్ అని చెప్పి అమ్మడం, మామూలు ఇంజిన్ లాగే వాడడం, అసలు తప్పు అక్కడుంది. ఈ తప్పు అరవై ఏళ్లకు పైగా నడుస్తోంది.

కొలిమి తిత్తి

టర్బో అంటే ఏంది? కమ్మరి కొలిమిని గుర్తు తెచ్చుకోండి. బొగ్గులు అవే, కొలిమి అదే. తిత్తి ఊదితే మంట లేస్తుంది, ఇనుము ఎర్రబడుతుంది. గాలి ఎక్కువ పోతే మంట ఎక్కువ. ఇంజిన్‌లో కూడా అంతే. సిలిండర్‌లోకి ఎక్కువ గాలి పంపితే, ఎక్కువ పెట్రోల్ కాల్చొచ్చు, ఎక్కువ బలం వస్తుంది.

మరి ఆ తిత్తిని ఎవరు ఊదాలి? సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగే ఊదుతుంది. ఆ పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఉన్న ఇరుసుకే రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది, అది బయటి గాలిని లోపలికి తోస్తుంది. చిన్న కార్లలో ఈ చక్రం నిమిషానికి 2 లక్షల సార్ల దాకా తిరుగుతుంది. పెట్రోల్ ఇంజిన్ పొగ 900 డిగ్రీలు దాటుతుంది. ఇంత వేగం, ఇంత వేడి మధ్య ఆ ఇరుసును మోసేది ఏంటో తెలుసా? పల్చటి ఇంజిన్ ఆయిల్ పొర. అంతే. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఈ ఆలోచనకు 1905లో పేటెంట్ తీసుకున్నాయన స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్‌ఫ్రెడ్ బ్యూషి. మొదట్లో ఇది కార్ల కోసం కాదు. ఓడల్లో వాడే పెద్ద డీజిల్ ఇంజిన్లకు, విమానాలకు పనికొచ్చింది. విమానం పైకి పోయేకొద్దీ గాలి పల్చబడి ఇంజిన్ నీరసించిపోతుంది. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజినీర్ ఒక విమాన ఇంజిన్‌ను పైక్స్ పీక్ అనే కొండ మీదికి, అంటే 14 వేల అడుగుల ఎత్తుకు ఎక్కించి, టర్బోతో నడిపి చూపించాడు. కొండ మీద పోయిన బలాన్ని టర్బో తిరిగి తెచ్చింది.

ఓడలో, విమానంలో ఒక సౌకర్యం ఉంది. ఇంజిన్ పక్కనే దాన్ని చూసుకునే మనిషి ఉంటాడు. ఆయిల్ చూస్తాడు, వేడి చూస్తాడు, లాగ్ పుస్తకంలో రాస్తాడు. కారు దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి లేడు. తాళం తిప్పి పోయే మనం ఉన్నాం.

1962: డబ్బా ఖాళీ అయింది

టర్బో పెట్టిన పెట్రోల్ కార్లు జనానికి అమ్మకానికి వచ్చింది 1962లో, అమెరికాలో. జనరల్ మోటార్స్ వాళ్లవే రెండు కార్లు: షెవర్లే కార్వేర్ మోంజా స్పైడర్, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్. మన కథకు రెండోది ముఖ్యం.

పెట్రోల్ ఇంజిన్‌లో గాలిని గట్టిగా నొక్కితే ఒక చిక్కు వస్తుంది. ప్లగ్గు నిప్పు నుంచి మంట పద్ధతిగా పాకాలి. అట్లా కాకుండా మిగిలిన పెట్రోల్ వేడికి తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమంటే పిస్టన్ మీద సుత్తి దెబ్బ పడ్డట్టే. మన మెకానిక్‌లు "ఇంజిన్ కొట్టుకుంటుంది" అంటారు చూడండి, అదే నాకింగ్. దాన్ని ఆపడానికి జెట్‌ఫైర్‌లో ఒక చిన్న ట్యాంకు పెట్టారు. అందులో నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవం. దానికి "టర్బో రాకెట్ ఫ్లూయిడ్" అని రాకెట్ లాంటి పేరు. అది లోపలికి చిమ్మితే వేడి తగ్గి నాకింగ్ ఆగేది.

ఇంజినీరింగ్ తెలివైనదే. కానీ ఆ ద్రవం అయిపోతే మళ్లీ నింపాలి. చాలామంది నింపలేదు. డబ్బా ఖాళీ అయితే ఇంజిన్ పాడుకాకుండా టర్బో బలాన్ని తగ్గించే ఏర్పాటు ఉంది. దాంతో ఓనర్లు "కారు లాగట్లేదు" అని షోరూంకు తిరిగొచ్చారు. రెండేళ్లలో పదివేల లోపు కార్లు తయారై ఆ మోడల్ ఆగిపోయింది. తర్వాత చాలా కార్లలో కంపెనీ వాళ్లే టర్బో ఊడదీసి మామూలు కార్బ్యురేటర్ బిగించి ఇచ్చారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. టర్బో విరిగిపోలేదు. కంపెనీ లెక్కలో ఓనర్ ఒక పని చేయాలి. ఓనర్ లెక్కలో కారంటే పెట్రోల్ పోసి నడపడమే. ఈ రెండు లెక్కల మధ్య సందులో ఇంజిన్ పోయింది. ఇప్పుడు ఆ డబ్బా లేదు. దాని స్థానంలో ఇంజిన్ ఆయిల్ ఉంది. మిగతా కథ అదే.

రేసు ఇంజిన్ నుంచి ఇంటి కారు దాకా

1973లో చమురు సంక్షోభం వచ్చింది. ప్రపంచమంతా "పెద్ద ఇంజిన్ వద్దు" అనే దారిలో పడింది. 1977లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, ఫార్ములా వన్‌లోకి రెనో కంపెనీ 1.5 లీటర్ల టర్బో కారు తెచ్చింది. అది ఎన్నిసార్లు పొగలు కక్కుతూ ఆగిపోయిందంటే, దానికి "పసుపు టీ కెటిల్" అని పేరు పెట్టి నవ్వారు. రెండేళ్లకు, 1979లో, అదే జట్టు ఫ్రాన్స్‌లోని డిజాన్‌లో రేసు గెలిచింది. 1983లో నెల్సన్ పికే 1.5 లీటర్ల బీఎండబ్ల్యూ టర్బోతో చాంపియన్ అయ్యాడు. నవ్వినవాళ్లంతా టర్బో కొనుక్కున్నారు.

రేసు ఇంజిన్‌కు ఆ ఒక్క రేసు దాటితే చాలు. కొన్నిటిని క్వాలిఫయింగ్‌లో నాలుగు రౌండ్లు తిప్పి పక్కన పెట్టేవాళ్లు. ఇంటి కారు పదేళ్లు, లక్షన్నర కిలోమీటర్లు నడవాలి. ఆ పని మీద కూర్చున్నది స్వీడన్‌లోని సాబ్ కంపెనీ. అదే 1977లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో సాబ్ 99 టర్బో చూపించారు. వాళ్లు టర్బోను గరిష్ఠ వేగం కోసం కాక రోజువారీ నడకలో లాగడానికి వాడారు. గాలి ఒత్తిడి ఎక్కువైతే పొగను పక్కకు వదిలేసే తలుపు, అంటే వేస్ట్‌గేట్, పెట్టారు. 1980ల మొదట్లో ఇంజిన్ కొట్టుకుంటుందా లేదా అని వినే సెన్సర్ తెచ్చారు. కొట్టుకుంటే కంప్యూటరే ఒత్తిడి తగ్గిస్తుంది. ఓనర్ డబ్బా నింపే పని పోయింది, మెషిన్ తనను తాను చూసుకోవడం మొదలుపెట్టింది. ఇప్పటి మన చిన్న టర్బోలన్నీ ఈ దారిలో వచ్చినవే.

మన దగ్గరికి ఎట్లా వచ్చింది? టేపు పట్టుకుని కొలిస్తే వచ్చింది

మన ఊళ్లలో టర్బో అనే మాట ముందు డీజిల్ వల్ల తెలిసింది. లారీలు, జీపులు, తర్వాత 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్. ఆ 1.3 లీటర్ల ఇంజిన్‌కూ టర్బోనే. అవి లక్షల కిలోమీటర్లు తిరిగాయి. అందుకే మా పెద్దోళ్లకు టర్బో అంటే భయం లేదు. కానీ డీజిల్ పొగ పెట్రోల్ పొగంత వేడి కాదు, డీజిల్‌లో పెట్రోల్ లాంటి నాకింగ్ గొడవ లేదు. డీజిల్ టర్బోతో అలవాటైన చేతులే పెట్రోల్ టర్బో మీద పడ్డాయి. సగం పొరపాట్లు అక్కడ మొదలయ్యాయి.

పెట్రోల్ టర్బోను మన రోడ్లకు తెచ్చింది మాత్రం ట్యాక్సు. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే పొడవు 4 మీటర్ల లోపు, పెట్రోల్ ఇంజిన్ అయితే 1,200 సీసీ లోపు, డీజిల్ అయితే 1,500 సీసీ లోపు. ఇక కంపెనీలన్నీ టేపు పట్టుకుని కొలవడం మొదలుపెట్టాయి. 1,298 సీసీ స్విఫ్ట్ పెట్రోల్ 2010లో 1,197 సీసీ అయింది. డిజైర్ డిక్కీ 2012లో కురచ అయింది. ఆ గీత ఇప్పటికీ ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ గీత లోపల ఉంటే జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం.

ఇప్పుడు కంపెనీ ఇంజినీర్ లాగా ఆలోచించండి. జనం ఎత్తుగా, బరువుగా ఉండే ఎస్‌యూవీ అడుగుతున్నారు. ఇంజిన్ మాత్రం 1,200 సీసీ దాటకూడదు. బలం ఎక్కడి నుంచి తేవాలి? తిత్తి ఊదాల్సిందే.

2013లో పోలో జీటీ టీఎస్‌ఐ, అదే ఏడాది ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్ వచ్చాయి. 2014లో టాటా జెస్ట్, 2017లో బలెనో ఆర్‌ఎస్, నెక్సాన్. కానీ అప్పటిదాకా మన ఊరోళ్ల మనసు డీజిల్ మీదే ఉంది, ఎందుకంటే డీజిల్ చవక. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు, తేడా కరిగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చింది. చిన్న డీజిల్ ఇంజిన్‌కు పొగ శుభ్రం చేసే సామాను పెడితే ధర గిట్టుబాటు కాదని మారుతి డీజిలే మానేసింది. ఆ ఖాళీలోకి చిన్న పెట్రోల్ టర్బో వచ్చి కూర్చుంది. 2019లో వెన్యూ, 2020లో సోనెట్, మాగ్నైట్, తర్వాత కైగర్, 2023లో ఫ్రాంక్స్.

ఇందులో సోనెట్ మన తెలుగు నేల మీద తయారైన కారు. అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ప్లాంటు పెట్టింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది, 2020 సెప్టెంబర్‌లో సోనెట్ అమ్మకానికి వచ్చింది. ఇప్పుడా ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ప్లాంటు పక్క నుంచి పోయే 44వ జాతీయ రహదారే కర్నూలు, జడ్చర్ల మీదుగా హైదరాబాద్ చేరుతుంది. కరువు సీమలో తయారైన 998 సీసీ టర్బో కారు, పాలమూరు మీదుగా మన నల్లగొండ పల్లెలకు వచ్చింది.

ఆ 998 సీసీ ఇంజిన్ దాదాపు 118 హార్స్ పవర్ ఇస్తుంది. పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్ 1,489 సీసీ, బలం సుమారు 50. మారుతి 800 ఇంజిన్ 796 సీసీ, బలం 37 దగ్గర. అంటే మూడు చిన్న సిలిండర్లు రెండు అంబాసిడర్ల పని చేస్తున్నాయి. అంబాసిడర్ ఇంజిన్ ఎంత తప్పు చేసినా క్షమించేది. ఆయిల్ ఆలస్యమైనా, కల్తీ పెట్రోల్ పోసినా, మొండిగా నడిచేది. రెండింతల పని చేసే ఇంజిన్‌కు ఆ క్షమాగుణం ఉండదు. ఉండమని అడగడం న్యాయం కూడా కాదు.

రోగాలు, వాటి పుట్టుక

ఇక అసలు రోగాలు. ఒక్కోటి చూద్దాం.

మొదటిది ఆయిల్ మాడిపోవడం. హైవే మీద గట్టిగా లాగి వచ్చి వెంటనే ఇంజిన్ బంద్ చేస్తే, కాలుతున్న టర్బోలో ఆయిల్ ఎక్కడిదక్కడ ఆగి మాడుతుంది. పెనం మీద నూనె నల్లగా అంటుకున్నట్టు పేరుకుంటుంది. సన్నటి ఆయిల్ దారి మూసుకుపోతే ఇరుసు అరిగిపోతుంది, నీలం పొగ, కూత మొదలవుతాయి. ఇది 1980ల రోగం. తర్వాత టర్బో చుట్టూ నీళ్లు తిప్పి చల్లబరిచే పద్ధతి వచ్చి చాలా తగ్గింది. కానీ పాత ఆయిల్ వాడితే ఇప్పుడూ వస్తుంది.

రెండోది, 2010 తర్వాత ప్రపంచమంతా ఇంజినీర్లను హడలగొట్టింది. ఇంగ్లీషులో పొడుగు పేరు, ఎల్‌ఎస్‌పీఐ అంటారు. తక్కువ వేగంలో, ఎక్కువ బరువు మీద, ప్లగ్గు నిప్పు పడకముందే పెట్రోల్ అంటుకోవడం. నాలుగో గేరులో 1,300 ఆర్‌పీఎం దగ్గర, ఐదుగురిని ఎక్కించుకుని యాక్సిలరేటర్ నిండా తొక్కితే ఏమవుతుంది? టర్బో బాగా ఊదుతుంది, ఇంజిన్ మాత్రం మెల్లగా తిరుగుతుంది. అప్పుడు పడే దెబ్బ మామూలు నాకింగ్ కాదు, పిస్టన్ అంచే విరగొచ్చు. విచిత్రం ఏందంటే, దీనికి ఒక కారణం ఆయిల్‌లోనే దొరికింది. ఇంజిన్ శుభ్రంగా ఉండడానికి ఆయిల్‌లో కలిపే కాల్షియం రసాయనాలు దీన్ని పెంచుతున్నాయని తేలింది. అందుకే 2018లో ఏపీఐ సంస్థ ఎస్‌ఎన్ ప్లస్ అనే కొత్త గ్రేడు, 2020 మేలో ఎస్‌పీ గ్రేడు తెచ్చింది. ఎస్‌పీలో టైమింగ్ చైన్ అరుగుదల పరీక్ష కూడా ఉంది. డబ్బా మీద ఉండే ఆ రెండక్షరాల వెనక ఇన్ని విరిగిన పిస్టన్లు ఉన్నాయి. అందుకే లూజ్ ఆయిల్, "ఇది కూడా అదే అన్నా" అని పోసే ఆయిల్ ఈ ఇంజిన్‌కు పనికిరాదు.

మూడోది చైన్లు, బెల్టులు. యూరప్‌లో ఫోక్స్‌వాగన్ మొదటి తరం 1.2, 1.4 టీఎస్‌ఐ ఇంజిన్లలో టైమింగ్ చైన్ సాగిపోయే ఫిర్యాదులు వచ్చాయి. 2012లో వచ్చిన కొత్త తరంలో వాళ్లు మళ్లీ బెల్టుకు తిరిగారు. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ అయితే 2012, 2013, 2014 వరుసగా మూడేళ్లు ప్రపంచ ఉత్తమ ఇంజిన్ అవార్డు గెలిచింది. దాని బెల్టు ఇంజిన్ ఆయిల్‌లో మునిగి తిరుగుతుంది, వెట్ బెల్ట్ అంటారు. ఆయిల్ సరైనది కాకపోతే, సమయానికి మార్చకపోతే, బెల్టు పొడిపొడిగా రాలి ఆయిల్ జల్లెడకు అడ్డం పడుతుంది. ఆయిల్ పైకి రాదు, ఇంజిన్ పట్టేస్తుంది. 2023 డిసెంబర్‌లో అమెరికాలో ఫోకస్, ఎకోస్పోర్ట్ కలిపి దాదాపు 1.4 లక్షల కార్లను ఇదే ఇంజిన్ ఆయిల్ పంపు బెల్టు టెన్షనర్ కోసం వెనక్కి పిలిచారు. అమెరికాలో అమ్మిన ఆ ఎకోస్పోర్టులు తయారైంది ఎక్కడో తెలుసా? మన పక్కనే, చెన్నైలో. యూరప్‌లో 1.2 ప్యూర్‌టెక్ ఇంజిన్‌ది కూడా ఇదే వెట్ బెల్ట్ కథ. చివరికి స్టెల్లాంటిస్ కంపెనీ అక్కడ పదేళ్లు లేదా 1,75,000 కిలోమీటర్ల దాకా వారంటీ పొడిగించింది. అవార్డు వేరు, పదేళ్ల నడక వేరు. జడ్జీలు ఇంజిన్‌ను కొత్తగా ఉన్నప్పుడు చూస్తారు. మనం పాతదయ్యాక చూస్తాం.

నాలుగోది మసి. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వులను కడిగే పెట్రోల్ ధార ఉండదు. మెల్లగా మసి పేరుకుంటుంది, ఐడిల్‌లో వణుకు, పికప్ తగ్గడం. మనం వాడే చిన్న టర్బోలన్నీ ఈ రకం కావు. వెన్యూ, సోనెట్ 1.0 టర్బోలు, ఫోక్స్‌వాగన్, స్కోడా 1.0 టీఎస్‌ఐ నేరుగా చిమ్మేవి. నెక్సాన్ 1.2, మాగ్నైట్, కైగర్ టర్బోలు పాత పద్ధతిలో వాల్వు ముందే చిమ్ముతాయి. కాబట్టి "టర్బో" అని ఒక్క పేరుతో అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు.

ఐదోది చుట్టుపక్కల సామాను. ఉదాహరణకు బ్రేకు. మామూలు పెట్రోల్ ఇంజిన్ లోపలి పీల్పుతో బ్రేకుకు సాయం దొరుకుతుంది. టర్బో ఊదేటప్పుడు ఆ పీల్పు ఉండదు, అందుకే వేరే వాక్యూమ్ పంపు పెట్టాల్సి వస్తుంది. 2023లో మారుతి 7,213 బలెనో ఆర్‌ఎస్ కార్లను వెనక్కి పిలిచింది ఈ పంపు కోసమే. ఒక టర్బో పెడితే దాని వెంట పంపులు, పైపులు, సెన్సర్లు, కూలర్లు వస్తాయి. ఎన్ని ఎక్కువుంటే అన్ని చెడిపోవచ్చు. ఇది లెక్క, శాపం కాదు.

మోత్కూర్‌లో ఈ ఇంజిన్ ఎట్లా బతుకుతుంది

ఇప్పుడు మన ఊరికి వద్దాం. చాలా కార్ల మాన్యువల్‌లో ఆయిల్ మార్పు పదివేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి అని ఉంటుంది. అదే మాన్యువల్‌లో వెనక పేజీలో, చిన్న అక్షరాల్లో ఇంకో పట్టిక ఉంటుంది. దుమ్ము రోడ్లు, బాగా ఎండ, దగ్గర దగ్గర ప్రయాణాలు, ఎక్కువ బరువు అయితే ఇంకా ముందే మార్చమని. అది చదివితే మన బతుకు చదివినట్టే ఉంటుంది. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు. వడ్ల సీజన్‌లో గుండాల రోడ్డు మీద పోతే ముందున్న ట్రాక్టర్ దుమ్ము తప్ప ఏం కనిపించదు. పొద్దున పొలానికి రెండు కిలోమీటర్లు, సాయంత్రం బడికి ఒకటిన్నర. ఇంజిన్ సరిగ్గా వేడెక్కకముందే బంద్. వారానికోసారి వలిగొండ, భువనగిరి మీదుగా ఉప్పల్ దాకా ఏసీ వేసి, ఐదుగురితో ఒకే ఊపు. మనకు వర్తించేది ఆ రెండో పట్టికే. కానీ కారు తాళాలు ఇచ్చే రోజు, రిబ్బన్ కట్టి ఫొటో తీసే రోజు, ఆ పేజీ తెరిచి చూపించినవాళ్లను నేనైతే చూడలేదు.

మా చుట్టాల్లో ఒకబ్బాయి సెకండ్ హ్యాండ్‌లో ఇట్లాంటి కారు తెచ్చుకున్నాడు. కంపెనీ పేరు, అమ్మినవాళ్ల పేరు చెప్పను. మీటరు నలభై వేలే చూపించింది. సర్వీసు బిల్లులు అడిగితే "అన్నీ టైంకే చేయించినం" అన్నారు, కాగితం మాత్రం ఒక్కటీ లేదు. మూడు నెలలకు పొద్దున స్టార్ట్ చేస్తే చైన్ గలగల. ఆయిల్ తీసి చూస్తే తారు లాగుంది. టర్బో, చైన్, పైపులు, అన్నీ కలిసి ఏడాది కిస్తీలంత బిల్లు. ఆ అబ్బాయి ఇంకా బస్సులోనే పనికి పోతున్నాడు, కారు ఇంటి ముందు కవర్ కింద ఉంది. ఇంజిన్ పోయింది చూసి "టర్బో అంటేనే ఇంత" అన్నారు అందరూ. నేనేమంటానంటే, అది 1962 డబ్బానే. నింపాల్సింది నింపలేదు, నింపాలని ఎవరూ చెప్పలేదు.

బోరు మోటరు సంగతి మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. నీళ్లు లేని బోరులో మోటరు నడిస్తే కాలిపోతుంది. అందుకే రాత్రి లేచి మరీ చూసుకుంటాం. "మోటరు చెడ్డది" అని ఎవరన్నా అంటే నవ్వుతాం. టర్బోకు ఆయిల్ అట్లాంటిదే. మోటరు గురించి మూడు తరాల అనుభవం ఉంది కాబట్టి మనకు తెలుసు. పెట్రోల్ టర్బో మన దగ్గర పట్టుమని పదిహేనేళ్లది కూడా కాదు.

మన మెకానిక్‌ల గురించి కూడా ఒక మాట. వాళ్లను తక్కువ చేసి మాట్లాడడం నాకు నచ్చదు. అంబాసిడర్ నుంచి డీజిల్ స్విఫ్ట్ దాకా చెవితో విని రోగం చెప్పినవాళ్లు వాళ్లు. కానీ ఈ ఇంజిన్ తన రోగాన్ని స్కానర్‌కు చెప్తుంది. స్కానర్ ఉన్నవాళ్లు, డబ్బా మీద గ్రేడు చూసి ఆయిల్ పోసేవాళ్లు మన మండలంలోనూ ఉన్నారు. అట్లాంటివాళ్లను వెతుక్కోండి, రెండొందలు ఎక్కువైనా ఇవ్వండి.

అయితే కొనాల్నా వద్దా?

కొనొచ్చు. కానీ కారును కాదు, ముందు దాని చరిత్రను కొనండి. సర్వీసు బిల్లులు ఉన్నాయా, ఏ తేదీకి, ఎన్ని కిలోమీటర్లకు, ఏ గ్రేడు ఆయిల్ పోశారు, ఇవి చూడండి. బిల్లులు లేకపోతే రంగు ఎంత మెరిసినా వెనక్కి తిరగండి. పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పోయి మీరే స్టార్ట్ చేయండి. ముందే వేడి చేసి ఉంచితే అనుమానించండి. మొదటి క్షణాల్లో చైన్ గలగల, వెనక నీలం పొగ ఉన్నాయా చూడండి. ఆయిల్ మూత తీసి లోపల చూడండి. కూలెంట్ గీత దగ్గరుందా, ఏమన్నా కారిన మరకలున్నాయా చూడండి. స్కానర్ పెట్టించండి. చాసిస్ నంబర్‌తో కంపెనీ దగ్గర రీకాల్ ఏమన్నా పెండింగ్ ఉందా కనుక్కోండి, రీకాల్ పని ఉచితంగా చేస్తారు. బెల్టు ఇంజిన్ అయితే ఎప్పుడు మార్చాలో, మార్చారో లేదో అడగండి.

కొన్నాక మూడు పనులు. మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిల్, ఆ రెండో పట్టిక ప్రకారం. తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేరు వేసి తొక్కకుండా, ఒక గేరు దించి లాగడం. హైవే దిగి ఊళ్లోకి వచ్చేటప్పుడు చివరి రెండు నిమిషాలు మెల్లగా నడిపి బంద్ చేయడం. ఇంకా ఒకటి: "రీమ్యాప్ చేస్తే ఇంకో ఇరవై హార్స్ పవర్ వస్తుంది" అనే రీల్స్ చూసి టెంప్ట్ కావొద్దు. ఇప్పటికే రెండు అంబాసిడర్ల పని చేస్తోంది పాపం.

నెలకు మూడొందల కిలోమీటర్లు, ఊళ్లో తిరుగుడే ఎక్కువ అంటే, టర్బో లేని మామూలు 1.2 ఇంజిన్ తీసుకోండి. పికప్ తక్కువ, నిద్ర ఎక్కువ. అందులో నామోషీ ఏం లేదు.

కంపెనీలకు కూడా నా వైపు నుంచి ఒక మాట. 1962లో ఓనర్లు మరిచిపోయారు అనడం తేలిక. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పారా అనేది అడగాల్సిన ప్రశ్న. పెనుకొండలో కారు తయారుచేసి తెలుగు ఊళ్లలో అమ్ముతున్నప్పుడు, ఆ రెండో పట్టికను తెలుగులో ఒక్క పేజీ అచ్చు వేసి డ్యాష్‌బోర్డులో పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఏ కంపెనీ అయినా సరే. ఆ ఒక్క కాగితం మా చుట్టాలబ్బాయి లాంటివాళ్ల కిస్తీలు కాపాడుతుంది.

మీ దగ్గర చిన్న టర్బో పెట్రోల్ ఉంటే, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఆయిల్ ఎన్నింటికి మారుస్తున్నారు, ఏమన్నా రిపేరు వచ్చిందా, కామెంట్‌లో రాయండి. బాగా నడుస్తున్నవాళ్లు కూడా రాయాలె, రోగాలు మాత్రమే రాస్తే లెక్క తప్పుతుంది. కొనే ముందు ఎవరన్నా దోస్తు తొందరపడుతుంటే ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.